ఊనిక తప్పిన గేదె

ఆ పొద్దున మబ్బు దక్షిణాన లేచి, రేగులగుంట ఊరి నడినెత్తికి వచ్చి ఆగిపోయింది. కురవనూ లేదు, కదిలి పోనూ లేదు. పైనుంచి కాగితం వస్తేగాని చినుకు రాల్చకూడదని ఎవరో చెప్పినట్టు అలాగే నిలబడింది. తాటాకు కూడా కదలడం లేదు.

వాసంశెట్టి పేర్రాజు ఆ మబ్బును ఒకసారి చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి బంగారి పొదుగు కడిగాడు. బంగారి అతని గేదె. దూడను విప్పాడు. అది పరుగున వచ్చి నాలుగు గుటకలు తాగి, తలతో పొదుగును కుమ్మింది. బంగారి చెవులు వాలేసి కళ్ళు సగం మూసింది. చన్నుల్లోకి పాలు దిగాయి. గేదె చేపిందంటే అదే గుర్తు. పేర్రాజు దూడను పక్కన కట్టి, మోకాళ్ళ మధ్య తపేలా పెట్టుకుని పితకడం మొదలుపెట్టాడు.

ఒక్క మాట లేదు. అతను రోజుకు పది మాటలు మించి మాట్లాడే మనిషి కాదు. ఆ పదిలో ఆరు, దారిన పోయేవాళ్ళు పలకరిస్తే "ఆయ్" అనడానికే అయిపోతాయి. సంసారానికి కావలసిన మిగతా మాటలన్నీ భార్య బుల్లెమ్మ మాట్లాడుతుంది.

"మావా, విన్నావా?" అంటూ బుల్లెమ్మ వీధిలోంచి వచ్చింది. "పాలకేంద్రంలో పాలు పోయించుకోవట్లేదంట. ముందు పాఠం అప్పజెప్పాలంట."

"ఏం పాఠం?"

"ఇటలీ పాఠం."

పేర్రాజు మళ్ళీ మబ్బువైపు చూశాడు.

జరిగింది ఇదీ. పశుపాలన శాఖ నుంచి పదకొండు మంది అధికారులు గేదెల పెంపకం అధ్యయనం చెయ్యడానికి ఇటలీ దేశం వెళ్ళారు. పద్నాలుగు రోజులున్నారు. అందులో గేదెల దగ్గర గడిపింది నలభై నిమిషాలు. వాసన కొంచెం ఎక్కువగా ఉండబట్టి అంతకు మించి కుదరలేదు. ఆ నలభై నిమిషాల్లోనే అక్కడి గేదె ఇక్కడి గేదె కంటే ఎక్కువ పాలిస్తుందని తేలింది. ఎందుకిస్తుంది? రెంటికీ కొమ్ములు రెండే, తోక ఒకటే, చన్నులు నాలుగే. రెండూ నల్లనివే. రెండూ గడ్డి తింటాయి, బురద కనిపిస్తే పడుకుంటాయి. మిగిలిన తేడా ఒక్కటే. అక్కడి మనిషి ఇటాలియన్ మాట్లాడే మనిషి. రెండు వందల పన్నెండు పేజీల నివేదికలో ఈ సంగతి నూట తొంభయ్యో పేజీలో ఉంది. ముందు పేజీలన్నీ ఫోటోలు.

రైతులకు భాషంతా నేర్పడం ఆచరణసాధ్యం కాదు గనుక భాషలో సారం ఎక్కడుందో తేల్చమని ఒక నిపుణుల సంఘాన్ని వేశారు. సారం క్రియలో ఉందని సంఘం తేల్చింది. క్రియలో మళ్ళీ సారం ఎక్కడుందని అడిగితే, మాటను ఏ ముక్కలుగా విరవాలి, ఏ ముక్క మీద బరువు వెయ్యాలి అన్న దగ్గరుందని చెప్పింది. ఆ బరువు పేరు ఊనిక. అర్థం అవసరం లేదని కూడా రాసింది, గేదెకు అర్థంతో పని లేదు గనుక.

ఉత్తర్వు ఇలా వచ్చింది: "పాలు పితుకు ప్రతి వ్యక్తియు పితుకు సమయమున ఇటాలియన్ క్రియారూపములను సక్రమ విభజనతోను, సక్రమ ఊనికతోను ఉచ్చరించవలెను. పరీక్షయందు ముమ్మారు విఫలులైన వారి పథకపు గేదెలను ఊనికార్హత గల పెంపకందారులకు బదిలీ చేయవలెను."

పథకపు గేదె అంటే బంగారి లాంటిది. రెండేళ్ళ కిందట భూమి లేని వాళ్ళకని శాఖ వారు ఇచ్చారు. వచ్చినప్పుడు ఎముకల గూడు, లేపితేగాని లేవలేని, ఇంకా ఈనని పడ్డ. పేర్రాజు దాని పక్కనే గోనె పరుచుకు పడుకుని, చిట్టు తినిపించి, ఒంటిని పట్టిన గోమార్లు ఏరి నిలబెట్టాడు. సెంటు భూమి లేని ఆ ఇంటికి పొలమైనా, కొలువైనా, పిల్లలైనా అదే.

పాలకేంద్రంలో గోడకు చార్టు వేలాడుతోంది. పాల చిక్కదనం చూసే గాజుగొట్టం గోనెసంచిలోకి పోయి బల్ల కిందికి చేరింది. కార్యదర్శి అబ్బులు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. బుల్లెమ్మకు వరసకు తమ్ముడు.

"బావా, పాలు తర్వాత. ముందు క్రియ చెప్పు," అన్నాడు.

పేర్రాజు క్యాను బల్ల మీద పెట్టి మూత తీశాడు. మీగడ వాసన గదంతా నిండింది.

"పాలు చూపిస్తావేంటి బావా! పాలు ఎవడిక్కావాలి? నామీద విసుక్కోకు, పైనించి వొచ్చింది. మూడురోజులు నేర్పుతారంట, ఆఖరిరోజు పరీచ్చ. రేపట్నించి లోకనాథం గారొస్తారు."

లోకనాథం గారు నిన్నమొన్నటిదాకా గడ్డివిత్తనాల అధికారి. ఇప్పుడు మండల ఊనిక విస్తరణాధికారి. ఇటలీ వెళ్ళిన పదకొండు మందిలో ఆయన లేడు. రాజధానిలో పన్నెండు రోజులు శిక్షణ పొంది వచ్చాడు. చేతిలో సన్నటి వెదురుబెత్తం, దాని కొసకు ఎర్ర రబ్బరు.

"రైతు సోదరులారా!" అని మొదలుపెట్టాడు. "మాట అనునది బరువైన వస్తువు. ఆ బరువు పడవలసిన చోట పడనిచో సర్వమును తలక్రిందులగును. 'పితుకుట' అను క్రియను చూడుడు. మూన్, జె, రె. మూడు ఖండములు. ఊనిక తొలి ఖండముపై. 'మేము పితుకుదుము' అనుటకు మున్, జా, మో. ఊనిక నడిమి దానిపై. ఇచ్చట కొందరు జా అను ఖండమును జి, ఆ అని రెండుగా చీల్చుదురు. అది ఘోరమైన తప్పిదము. 'నేను పితుకగలను' అనుటకు మున్, జె, రో. ఊనిక కడపటి దానిపై."

నలభై మంది రైతులు ఆయన నోట్లోకి చూస్తూ కూర్చున్నారు. రెండు రోజులు గడిచాయి. బరువు మొదట వెయ్యమంటే చివర వేశారు, చివర వెయ్యమంటే అన్నిచోట్లా వేశారు. మూడో రోజు కొల్లాటి తాతబ్బాయి లేచాడు. ఊళ్ళో దేనికైనా ముందు లేచేది అతనే.

"అయ్యా, ఊనిక ఊనిక అంటన్నారు. అసలు చేతులతో ఏం చెయ్యాలో చెప్పండి."

"చేతులతో పని లేదయ్యా. ఆ ఖండమును బలంగా నొక్కి పలకవలెను."

"నొక్కడవాండీ?" తాతబ్బాయి ముఖం విచ్చుకుంది. "ఆ ముక్క మొదట్నే చెప్పొచ్చు కదండీ! నొక్కడం మాకు పుట్టినకాణ్ణించీ వొచ్చు."

రేగులగుంటలో ఏ పనీ నోటితో నేర్చుకున్న మనిషి లేడు. నాట్లు, కోతలు, తాడు పేనడం, అన్నీ చేతికే తెలుసు. చేతికి తెలిస్తే నోటికి దానంతటదే వస్తుంది. అందుకని వాళ్ళు ముక్కకో చన్ను పెట్టుకున్నారు. కుడివైపు ముందు చన్ను మొదటి ముక్క, దాని వెనకది రెండో ముక్క, ఎడమవైపు ముందుది మూడో ముక్క. ఊనిక ఎక్కడుంటే ఆ చన్నును గట్టిగా నొక్కాలి. అంతే. నలభై మంది ఒక్కసారిగా రెండు చేతులూ గాలిలోకి చాచి, లేని చన్నులు పితుకుతూ "మూన్, జె, రె" అన్నారు. ఒక్కడికీ తప్పు పోలేదు.

లోకనాథం గారి కళ్ళు చెమర్చాయి. "క్షేత్రస్థాయి ఆవిష్కరణ!" అని అప్పటికప్పుడు పైకి రాశాడు. వారం తిరక్కుండా దానికి చతుఃపయోధర ఊనిక విధానమని పేరు పెట్టి జిల్లా అంతటా అమలు చేశారు.

వెనకగా కూర్చున్న నలభై ఒకటోవాడు పేర్రాజు. ఆ రోజు చేతులు కదపనిది అతనొక్కడే.

"నీకేమైనా సందేహమా?" అన్నాడు లోకనాథం గారు.

"చన్ను నొప్పెడతదండి."

"నొప్పి మన శాఖ పరిధిలోనికి రాదు. అది పశువైద్యము వారిది," అని లోకనాథం గారు బెత్తం చార్టు మీద ఆనించాడు. "ఏదీ, ఇది పలుకుము."

పేర్రాజు "మూన్..." అన్నాడు. మిగిలిన రెండు ముక్కలూ గొంతులోనే ఉండిపోయాయి. అబ్బులు పుస్తకంలో 'విఫలం, ఒకటి' అని రాశాడు.

పది రోజులు తిరిగేసరికి ఊళ్ళో గేదెలన్నిటికీ ఎడమవైపు వెనక చన్ను వాచింది. మూడు ముక్కల క్రియకు మూడు చన్నులే పితుకుతున్నారు. నాలుగోదానికి ముక్క లేదు. జనం అర్జీ పెట్టుకున్నారు. శాఖ వెంటనే స్పందించింది: "మూడు ఖండముల క్రియలు రద్దు. ఇకపై నాలుగు ఖండముల క్రియలు మాత్రమే. మున్, జె, రే, మో. ఊనిక మూడవ దానిపై."

మరో పది రోజులకు మూడో చన్ను కందిపోయి ముట్టుకోనివ్వలేదు. బరువంతా రోజూ దాని మీదే పడుతోంది. మళ్ళీ అర్జీ. ఈసారి రాజధానిలో మూడు రోజులు సమావేశమై, ఊనిక అన్ని చన్నులకూ సమానంగా అందేలా వారపట్టిక తయారుచేశారు. సోమవారం ఓర్, ది, న, నో. బరువు మొదటిదాని మీద. మంగళవారం మున్, జే, వ, నో. బరువు రెండోదాని మీద. బుధవారం పాతదే, మున్, జె, రే, మో. గురువారం లా, వో, రె, రో. బరువు చిట్టచివర. సోమవారపు క్రియకు 'వాళ్ళు ఆజ్ఞాపిస్తారు' అని అర్థమట. మొదటి ముక్క మీద బరువు పడే నాలుగు ముక్కల క్రియ శాఖ వారికి అంతకంటే దగ్గరలో దొరకలేదు.

శుక్రవారానికి చన్ను లేదు. అయిదోది ఉంటే దానికీ ఒక క్రియ ఇచ్చేవాళ్ళే. ఈ విషయమై పైకి రాశామనీ, జవాబు వచ్చేదాకా శుక్ర, శని, ఆదివారాలు పితకరాదనీ పాలకేంద్రం తలుపు మీద కాగితం అంటించారు. ఆ మూడు రోజులూ ఊరు ఊరంతా అరిచింది. అరిచినవి గేదెలు. చివరికి జనం పట్టపగలు పాకల తలుపులు బిడాయించుకుని, దొంగసారా కాచేవాళ్ళలా ఒకరిని వీధిలో కాపలా పెట్టుకుని, తమ గేదెలను తామే పితుక్కున్నారు.

పాలు సగానికి పడ్డాయి. అది ఎవరూ గమనించలేదు, లెక్క పాలకు కాదు గనుక. నెలనెలా పైకి పోయేది ఊనిక శాతం. ఆ శాతంలో రేగులగుంట జిల్లాకే మొదట నిలిచింది. అందులోనూ తాతబ్బాయి నూటికి నూరు. అతని గేదె చచ్చిపోయి నెల దాటింది. రోజూ బావినీళ్ళు క్యానులో పోసుకొచ్చి, బల్లముందు నిలబడి, గంట కొట్టినట్టు క్రియ చెబుతాడు. అబ్బులు మూత తీసి లోపలికి చూస్తాడు, తాతబ్బాయి ముఖంలోకి చూస్తాడు.

"నీళ్ళు కదా తాతబ్బాయ్?"

"ఊనిక ఎక్కడైనా తప్పిందా?"

"తప్పలేదు."

"మరి రాసుకో."

అబ్బులు 'మొదటి రకం' అని రాసుకుంటాడు. ఆ వెనకే పేర్రాజు క్యాను ఉంటుంది. మీద వేలు పెడితే వేలికి అంటుకునేంత చిక్కటి పాలు. అవి తిరిగి ఇంటికి పోతాయి.

ఇంట్లో బుల్లెమ్మకు పట్టిక మొత్తం వచ్చేసింది. అంట్లు తోముతూ సోమవారాన్నీ, పేడ ఎత్తుతూ గురువారాన్నీ చెబుతుంది.

"నీ నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా మావా, తెరిస్తే రాలిపోడానికి? నాలుగు ముక్కలు! పెళ్ళిలో పంతులు గారు చెప్పమన్నవి ఎన్ని చెప్పేవు?"

"అవీ చెప్పలేదు."

"చెప్పలేదా? మరి నేను ఎవర్ని కట్టుకున్నట్టు? పోనీ నేను పితుకుతాను, నేనే చెబుతాను, లే."

ఆమె కూర్చుని చెయ్యి వేసింది. బంగారి వెనక కాలు ఎత్తి, కొట్టకుండా, తపేలాను మాత్రం పక్కకు నెట్టింది. పాలు పైకి పట్టేసుకుంది. బుల్లెమ్మ ముక్క ముక్కకూ బరువు సరిగ్గానే వేసింది. ఒక్క చుక్క దిగలేదు.

మర్నాడు పేర్రాజు తనే ప్రయత్నం చేశాడు. పొదుగు కడిగాడు, దూడను వదిలాడు, కూర్చున్నాడు. గొంతు సవరించుకుని "మున్" అన్నాడు. బంగారి మెడ తిప్పి వెనక్కి చూసింది. ఈ పాకలోకి ఎవరో కొత్త మనిషి వచ్చాడు, ఎవరా అని చూసే చూపు. పేర్రాజు అంటే ఏమిటో దానికి తెలుసు. మోకాళ్ళు, చేతులు, బీడీ వాసన. గొంతు అందులో లేదు. అతను "జె" అనేసరికి చెవులు నిక్కబొడుచుకుంది. పొదుగు మెత్తబడిపోయింది. పేర్రాజు చేతులు తీసేసి తపేలా బోర్లించాడు. అప్పటినుంచి పరీక్ష పేరెత్తితే క్యాను పట్టుకుని వెనక్కి వచ్చేసేవాడు. ఒక రోజు లోకనాథం గారు పట్టుకుని నిలబెట్టి అడిగాడు. పేర్రాజు నేల చూశాడు. 'విఫలం, రెండు.'

నాలుగో నెలలో వచ్చిన మూడోది మామూలు పరీక్ష కాదన్నారు. శాఖ సంచాలకుల వారు స్వయంగా వస్తున్నారు. ఇటలీ నుంచి ఒక నిపుణుణ్ణి వెంటబెట్టుకు వస్తున్నారు. రేగులగుంట ఊనికను ఆయనకు చూపించి, మెప్పు పొంది, రాష్ట్రమంతా అమలు చెయ్యాలి. ఆ సందర్భంలోనే విఫలుడి గేదెను అర్హుడికి అప్పగించి నిబంధనలో ఎంత పస ఉందో కూడా చూపించాలి. సభ పేర్రాజు పాక ముందే. వచ్చినవాళ్ళకు భోజనాలు కూడా అక్కడే, వంట బుల్లెమ్మది.

"గేదిని పట్టుకుపోయేవాళ్ళకి వొండి పెట్టాలంట, చూసేవా తమ్ముడూ," అంది బుల్లెమ్మ, వంకాయలు కోస్తూ.

అబ్బులు తల దించుకున్నాడు. "అంత కోపంగా ఉంటే కూరలో ఉప్పు మానెయ్యక్కా. అంతకంటే నేనేం చెప్పలేను."

బుధవారం పదిగంటలకు మూడు జీపులు వచ్చాయి. సంచాలకుల వారు దిగారు. ఆయన వెనకే నిపుణుడు దిగాడు. పేరు కార్మినే. అరవై ఏళ్ళుంటాయి. పొట్టిగా, మొద్దులా ఉన్నాడు. వేళ్ళు లావుగా, కణుపులు కణుపులుగా ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళో మూడు వందల గేదెలున్నాయట. పేర్రాజు ఆ వేళ్ళు చూశాడు. కార్మినే పేర్రాజు వేళ్ళు చూశాడు. ఇద్దరూ కాస్త తల ఊపుకున్నారు.

లోకనాథం గారు ముందుకు వచ్చి స్వాగతం చెప్పాడు. "మూంగో! మూన్‌జి! మూన్‌జె!"

నేను పితుకుతాను, నువ్వు పితుకుతావు, అతను పితుకుతాడు. కార్మినే ఆయన తెల్ల చొక్కానూ, మెరిసే బూట్లనూ ఎగాదిగా చూసి, అనుమానంగా ఏదో అడిగాడు.

"ఏమంటున్నారు?" అన్నారు సంచాలకుల వారు.

"అర్థము మా శిక్షణలో లేదండి. ఊనిక మాత్రం అమోఘంగా ఉన్నది," అని లోకనాథం గారు ఇంకా ఉత్సాహపడ్డాడు. గేదెకు చన్ను చాలక పక్కన పెట్టిన అయిదు ముక్కల క్రియ ఒకటి ఆయనకు వచ్చు. ఊరికే వదులుకోలేక దాన్ని కూడా వేశాడు. "తె, లే, ఫో, న, నో!"

వాళ్ళు ఫోను చేస్తున్నారు. కార్మినే జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. ఎవరూ చెయ్యలేదు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇక అతిథి నోటినుండియే ఆదర్శ ఉచ్చారణ వినిపించవలెను," అన్నారు సంచాలకుల వారు. లోకనాథం గారు చార్టు పట్టుకుని మొదటి మాట మీద రబ్బరు ఆనించాడు. పితుకుట. కార్మినే దగ్గరగా వచ్చి చదివాడు, వాళ్ళ ఊళ్ళో ఎలా అంటారో అలాగే. చివరి అచ్చును నమిలి మింగేశాడు.

లోకనాథం గారు బెత్తం దించాడు.

"కడపటి ఖండము లోపించినది," అన్నాడు లోకనాథం గారు, చిన్న గొంతుతో.

"మరల అడుగుడు."

రెండోసారీ మింగేశాడు. మూడోసారి నవ్వుతూ ఇంకా పెద్దగా చెప్పాడు, ఇంకా ఎక్కువ మింగేశాడు.

"ఇప్పుడేమి చేయవలెను?" అన్నారు సంచాలకుల వారు, చెమట తుడుచుకుంటూ. "నిబంధన అతిథికి కూడ వర్తించునా?"

"'పాలు పితుకు ప్రతి వ్యక్తియు' అని ఉన్నదండి. మినహాయింపు కనబడుట లేదు."

సంచాలకుల వారు నిబంధన వదిలే మనిషి కాదు. "వ్రాయుడు. విఫలము, మూడు. ఈయన మూడు వందల గేదెలను అర్హులకు బదిలీ చేయవలసినదిగా ఆ దేశపు ప్రభుత్వమునకు మన తరఫున ఒక లేఖ." అబ్బులు రాశాడు. కార్మినే అదేదో తన పేరు మర్యాదగా రాసుకుంటున్నారనుకుని, అబ్బులు భుజం తట్టాడు.

తర్వాత పేర్రాజును పిలిచారు.

అతను వచ్చి బంగారి పక్కన నిలబడి దాని వీపు మీద చెయ్యి వేశాడు. పాక స్తంభం దగ్గర బుల్లెమ్మ శబ్దం రాకుండా పెదాలు ఆడిస్తోంది. మున్, జె, రే, మో. నలభై మంది రైతులు చేతులు గాలిలో పెట్టి వేళ్ళతో అందిస్తున్నారు. మూడో చన్ను, మూడో చన్ను. ఊరంతా అతనికి కాపీ అందిస్తోంది.

పేర్రాజు బుల్లెమ్మవైపు చూశాడు, బంగారి వైపు చూశాడు.

"రాదండి," అన్నాడు.

అబ్బులు కలం ఆగిపోయింది. "బావా, ఇంకొక్కసారి..."

"రాదన్నాగా."

అబ్బులు రాశాడు. కాగితం కనిపించక కొంచెం వంకరగా రాశాడు.

"అయ్యా!" బుల్లెమ్మ ముందుకు దూసుకొచ్చింది. "ఆ గేది ఈ మనిషి చేతికి తప్ప చేపదండి! నాకే ఇవ్వదు, నేనెంత మాట్లాడతానో అడగండి ఊళ్ళో! ఇంకొకడి పాకలో కట్టేస్తే పొదుగు గడ్డకట్టి చస్తదండి. ఈయనా అంతేనండి, తిండి మానేస్తాడు. బతిమాలితే తింటాడా, బదులే చెప్పడే!"

"చూడమ్మా," అన్నారు సంచాలకుల వారు, దయగానే. "చేపుట అను పదము మా నిబంధనావళిలో ఎచ్చటను నిర్వచింపబడలేదు. అర్హుల జాబితా చదువుడు."

మొదటి పేరు కొల్లాటి తాతబ్బాయి. తాతబ్బాయి చేతులు జోడించాడు. "నాకొద్దండి. గేది లేకుండానే నా పాలు మొదటి రకం కింద పోతన్నాయి. ఉన్న సుఖం పాడుచేసుకోమంటారా?"

సంచాలకుల వారు అది న్యాయంగానే ఉందని ఒప్పుకున్నారు. రెండో పేరు దండమూడి లోకనాథం, మండల ఊనిక విస్తరణాధికారి.

లోకనాథం గారు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యా, నేను మేడ మీద అద్దెకుంటున్నానండి."

"అర్హత గలవారు అర్హతను తప్పించుకొనరాదు. స్వీకరించి, సభాముఖముగా పితుకుడు."

ఆయన బెత్తం అబ్బులుకిచ్చి, పంట్లాం మోకాళ్ళదాకా లాక్కుని, బంగారికి ఎటువైపు కూర్చోకూడదో అటువైపు కూర్చున్నాడు. దూడను విప్పాలని ఆయనకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్క ముక్కా కడిగిన ముత్యంలా పలికాడు. మున్, జె, రే, మో. సంచాలకుల వారు తల పంకించి పదికి పది వేశారు. తపేలా అడుగు తళతళ మెరుస్తోంది. మళ్ళీ పలికాడు. మళ్ళీ పదికి పది. బంగారి తోక విసిరి ఆయన కళ్ళజోడు పడగొట్టింది. అది లేకుండానే మూడోసారి పలికాడు.

పొద్దు ఎక్కింది. సభ కోసమని పొద్దున పితకనివ్వలేదు, పితికే వేళ ఎప్పుడో దాటిపోయింది. బంగారి పొదుగు రాయిలా బిగిసింది. అది మోర ఎత్తి అరిచింది. దూడ అరిచింది. లోకనాథం గారు ఇంకా గట్టిగా ఊనిక వేశాడు. ముగ్గురి గొంతులూ కలిసిపోయాయి.

కార్మినే అంతసేపూ ఓర్చుకున్నాడు. ఇక పట్టలేక కోటు విప్పి జీపు మీద పారేశాడు. చొక్కా చేతులు మడిచాడు. లోకనాథం గారిని రెండు చంకలూ పట్టి లేపి, పక్కన నిలబెట్టాడు. పేర్రాజువైపు చూశాడు. పేర్రాజు అప్పటికే దూడను విప్పాడు.

దూడ నాలుగు గుటకలు తాగింది. బంగారి చెవులు వాలిపోయాయి. పేర్రాజు ఒకవైపు, కార్మినే ఒకవైపు కూర్చుని తలలు దాని డొక్కలకు ఆనించారు. రెండు చన్నులు ఒకరివి, రెండు ఒకరివి. ఏ చన్నుకూ ఎక్కువ లేదు, తక్కువ లేదు. పాలు తపేలాలో ఒకే వరసలో మోగాయి. నురగ లేచి అంచుకు వచ్చింది. ఇద్దరిలో ఎవరూ పెదవి కదపలేదు.

తపేలా నిండింది. సంచాలకుల వారు దానివంక చూసి, అబ్బులు చేత పుస్తకం తెరిపించారు. ఈ పాలకు క్రియ లేదు. పుస్తకంలో ఏ గడిలో రాయాలి?

"లోకనాథం గారూ," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "ఇటలీలో మేము గేదెల వద్ద గడిపిన ఆ నలభై నిమిషములును అచ్చటివారు వాటితో ఏమని మాట్లాడిరి?"

"నేను రాలేదండి."

"అవును, నేను వెళ్ళితిని." ఆయన కళ్ళు మూసుకుని జ్ఞాపకం చేసుకున్నారు. ముఖం మెల్లగా వెలిగింది. "ఎవ్వరును ఏమియు మాట్లాడలేదు!"

అక్కడే, జీపు ముందు భాగం మీద కాగితం పెట్టి కొత్త ఉత్తర్వు రాశారు: "ఊనిక విధానము రద్దు. ఇకపై క్షీర, దధి, తక్రముల సమీపమున సంపూర్ణ మౌనము పాటించవలెను. మౌనమునందు అర్హత గలవారికే గేదెలు. కుటుంబ సభ్యులలో ఏ ఒక్కరు పలికినను గేదె బదిలీ అగును. ఈ క్షణము నుండియే అమలు." మండలం మొత్తంలో ఇప్పటికిప్పుడు అర్హుడెవరని చూస్తే వాసంశెట్టి పేర్రాజు ఒక్కడే తేలాడు. గేదె అతనిదేనని సంతకం పెట్టారు.

బుల్లెమ్మ "అమ్మయ్యా" అనబోయింది. అబ్బులు చప్పున చేత్తో ఆమె నోరు మూసి, రెండో చేత్తో 'కుటుంబ సభ్యులలో' అన్న మాట చూపించాడు. ఆమె చదివింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోట్లో మాటను నోట్లోనే ఆపుకుంది. మెడ మీద నరం ఉబ్బింది.

పాక పక్కన చాపలు వేసి విస్తళ్ళు పరిచారు. సంచాలకుల వారు, లోకనాథం గారు, అబ్బులు, తాతబ్బాయి, కార్మినే, పేర్రాజు ఒకే వరసలో కూర్చున్నారు. అన్నం, వంకాయ కూర, పప్పుచారు. కూరలో ఉప్పు లేదు. అందరికీ తెలుస్తోంది. ముంతలో గడ్డపెరుగు ఎదురుగానే ఉంది, అంటే దధి సమీపంలో ఉంది. ఉప్పు అడిగేవాళ్ళు లేరు.

కార్మినే పేర్రాజు చేతిని చూసి, అలాగే అన్నం కలుపుకుని తింటున్నాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

బుల్లెమ్మ పెరుగు వడ్డించడానికి వంగింది. సంచాలకుల వారి విస్తట్లో ఒక గరిటె వేసి ఆగి, ముఖంలోకి చూసింది. చాలు అనాలి. ఆయన అనలేదు. ఇంకో గరిటె వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయి, సైగ మాట కిందికి వస్తుందో రాదో తేల్చుకోలేక వెనక్కి తీసుకున్నారు. ఆమె ఇంకోటి వేసింది, ఇంకోటి వేసింది, ముంత వంచేసింది. చెప్పుకోలేని నాలుగు నెలల మాటలన్నీ ఆ గరిటెతోనే వేస్తున్నట్టు వేసింది. పెరుగు అన్నాన్ని ముంచి, విస్తరి అంచు దాటి, సంచాలకుల వారి పంట్లాం మీదికి మెల్లగా దారి తీసింది.

ఎవ్వరూ ఏమీ అనలేదు.